ఒక్క గుటక పాలు

సిరోంచ,
గణపతులను సాగనంపిన వారం, 2006.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రశాంతికి,

నిన్ను కన్న బాపు, అవ్వ దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ మేమందరం క్షేమం. ఈ మాటను ప్రతి ఉత్తరంలోనూ అలవాటు కొద్దీ రాసేస్తుంటాను. ఈసారి మాత్రం పెన్ను పక్కన పెట్టి, లేచి వెళ్ళి, ఉయ్యాలలోకి తొంగి చూసి వచ్చి రాశాను. నీ కొడుకు సాగర్ నిద్రపోతున్నాడు. నోట్లో బొటనవేలు, గడ్డం మీద జొల్లు. కాబట్టి క్షేమమన్న మాట నమ్ము. ఉత్తరం చివరి దాకా చదివాక కూడా నమ్ము. నువ్వక్కడ గడ్చిరోలిలో వేళకు తింటున్నావనీ, హాస్టల్ పప్పులో నీళ్ళు కాస్త తగ్గాయనీ తలుస్తాను.

నీ ఉత్తరం పొంగిన నదులు దిగాక గానీ అందలేదు. టపా సంచి ఆలాపల్లి దగ్గరే ఆగిపోయిందట. ఫోను స్తంభాలు పడిపోయినవి పడిపోయినట్టే ఉన్నాయి. మన పొలంలో నాటు మునిగింది గానీ పూర్తిగా కొట్టుకుపోలేదు, మళ్ళీ పచ్చబడుతోంది. మీ అవ్వ మోకాలి నొప్పి వానతో వచ్చింది, వానతో పోలేదు. నేను కషాయం తాగమంటాను, ఆమె నన్ను తాగమంటుంది. అలా ఇద్దరం తాగకుండా కాలం గడుపుతున్నాం.

నీ ఉత్తరంలో ప్రశ్నలకు అంకెలు వేశావు చూడు, అక్కడే నాకు కడుపు నిండింది. ముప్ఫై ఏళ్ళు లెక్కలూ సైన్సూ చెప్పి పదవి దిగినవాడి బిడ్డవు అనిపించుకున్నావు. నేను కూడా వరుసగానే చెప్తాను. కింద అంకె వేయకుండా చిన్న అక్షరాలతో రాసిన ప్రశ్న కూడా చూశాను. దానికి ఆఖర్న వస్తాను.

మొదటిది. నువ్వు డీఎడ్ టీచరు శిక్షణలో అభ్యాస పాఠం చెప్పడానికి పోయిన బడిలో ఒక పిల్ల లేచి, వృత్తం వైశాల్యానికి ఆ సూత్రమే ఎందుకు, ఎవరు పెట్టారు అని అడిగిందనీ, నువ్వు "పుస్తకంలో ఉంది కాబట్టి" అని తప్పించుకున్నావనీ రాశావు. తప్పించుకున్నందుకు బాధపడకు, నేను మొదటి ఏడాదంతా తప్పించుకున్నాను. కానీ ఆ పిల్లను మరిచిపోకు. ఈసారి పోయినప్పుడు కాగితంతో పెద్ద గుండ్రని బిళ్ళ కోయించు. దాన్ని మధ్య నుంచి అంచు దాకా సన్నని ముక్కలుగా కత్తిరించి, ఒకదాని మొన పైకి, ఇంకోదాని మొన కిందికి వచ్చేట్టు పక్కపక్కన పేర్చమను. గుండ్రనిది కాస్తా పొడుగాటి పలక లాగా అవుతుంది. దాని పొడవు వృత్తం చుట్టుకొలతలో సగం, వెడల్పు వ్యాసార్ధం. రెండూ గుణిస్తే ఆ పిల్ల అడిగిన సూత్రం దానంతట అదే బయటికొస్తుంది. నీకు రాసే ముందు సరిచూసుకుందామని నేను మీ అవ్వ చేసిన జొన్నరొట్టెను కత్తితో కోసి పీట మీద పేర్చాను. ఆమె గుమ్మంలో నిలబడి చూసి, "తినే రొట్టెను గిట్ల పీసులు పీసులు జేసి ఆడుకుంటున్నవా? ముసలోనివైనవు గని బుద్ధి రాలె" అంది. తరవాత వంగి చూసి, "గుండ్రంగున్నది సాపుగెట్లయింది?" అని అడిగింది. మీ అవ్వకు అక్షరం రాకపోతేనేం, ప్రశ్న సరైనదే వేసింది. నువ్వు మాత్రం కాగితమే వాడు. రొట్టె అయితే పిల్లలు పాఠం అయ్యేలోపు తినేస్తారు.

రెండోది. నీ గదిలో ఉండే నాగేపల్లి పిల్లకూ నీకూ పందెం పడిందన్నావు, మరగబెట్టిన నీళ్ళ సూత్రం మారుతుందా మారదా అని. మారదు. నువ్వే గెలిచావు. మరిగినా హెచ్ టూ ఓ, గడ్డకట్టినా హెచ్ టూ ఓ. ప్రాణహిత నీళ్ళైనా ఇంద్రావతి నీళ్ళైనా అదే. కానీ ఆ పిల్లను మరీ ఎక్కువగా ఎగతాళి చేయకు. ఆమె అడిగినదాంట్లో కూడా సంగతి ఉంది. సూత్రం నీళ్ళ గురించి చెబుతుంది గానీ ఆ గ్లాసులో నీళ్ళతో పాటు ఇంకేముందో చెప్పదు. వరద దిగాక మన బావి నీళ్ళు కూడా హెచ్ టూ ఓనే, తాగితే మాత్రం మనిషి మంచం పడతాడు. గ్రామపంచాయతీ వాళ్ళు బ్లీచింగ్ పౌడర్ వేసిపోయారు. మీ అవ్వ ఆ వాసనకు ముక్కు మూసుకుని, వాళ్ళనూ నన్నూ నేను చెప్పిన రసాయనశాస్త్రాన్నీ కలిపి తిట్టింది. అయినా నీళ్ళు కాచే తాగుతున్నాం.

మూడోది, సాగర్ పాలు ఎలా కలుపుతున్నామని. అమ్మా, ఆ విషయంలో మాత్రం నన్నెవరూ వేలెత్తి చూపలేరు. డబ్బా మీద మరాఠీలో రాసింది మీ అవ్వకు తెలుగులో చదివి వినిపించాను. గిన్నె, సీసా, మూత అన్నీ కాచిన నీళ్ళలో వేస్తాను. ముందు కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకు పోస్తాను, తరవాతే పొడి. చెంచా గోపురంలా లేవకుండా కత్తి వీపుతో చదును చేస్తాను. వాడు తాగగా మిగిలింది పారబోస్తాను. పారబోసినప్పుడల్లా మీ అవ్వ ప్రాణం ఉసూరుమంటుంది. "గా పోరనికి పాలు వడ్తున్నవా, బంగారం తూస్తున్నవా" అంటుంది. అననీ. పొడి ఎక్కువైతే పసి కడుపుకు బరువు, తక్కువైతే కడుపు నిండినట్టుంటుంది గానీ ఒంటికి పట్టదు. మనిషి చేసిన సూత్రాలన్నింటిలో దీన్ని మాత్రం అటూ ఇటూ జరపగూడదు.

ఇంతవరకు రాసి, లేచి వెళ్ళి చాయ్ తాగి వచ్చాను. ఇక నీకు నెల రోజులుగా చెప్పనిది చెప్పాలి. మూడో ప్రశ్నకు నేను పైన రాసిన జవాబు నిజమే గానీ సగమే.

ప్రాణహిత పొంగిన వారం నీకు జ్ఞాపకముండాలి, నువ్వక్కడ రేడియోలో విని ఏడుస్తూ రాసిన కార్డు తరవాత అందింది. అటు గోదావరి మీద పడవలు ఆగిపోయాయి, ఇటు ఆలాపల్లి రోడ్డు మీద వాగులు పారాయి. వరద వచ్చేనాటికి మన ఇంట్లో ఉన్నది ఒక్క డబ్బా, అది కూడా సగం. పాలడబ్బాలు మనకు తెచ్చిపెట్టేది బర్కత్ అలీయే కదా, మన వెనకింటి దుకాణం భాయి. ఆయన దుకాణంలో అరలన్నీ చూపించాడు, ఒక్కటి లేదు. చందాపురం నుంచి రావాల్సిన సరుకు దారిలో చిక్కుకుంది.

డబ్బా అడుగు కనబడుతుంటే మీ అవ్వ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "జర పలచగ కలుపుదాం. ఇంకో రెండు దినాలు ఎల్తది. పప్పుల నీళ్ళు పోసుకోమా ఏంది మనం?"

నేను ఒప్పుకోలేదు. పైన నీకు రాసిన పాఠమంతా ఆమెకు చెప్పాను. ఆమె అంతా విని, "సరే. డబ్బా ఒడిసినంక పోరనికి నీ సూత్రం తాగిపిస్తవా?" అని అడిగి వంటింట్లోకి పోయింది. నా లెక్క తప్పు కాదు, ఇప్పటికీ అదే చెప్తాను. కానీ ఆ లెక్కలో డబ్బా ఖాళీ అయితే ఏం చేయాలో లేదు.

ఖాళీ అయింది. బర్రెపాలు తెచ్చి, సగం నీళ్ళు పోసి, కాచి పట్టాం. తాగాడు. తెల్లారేసరికి విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రి నర్సమ్మ, మన లింగక్క, ఉప్పూ చక్కెరా కలిసిన పొడి పొట్లాలు ఇచ్చి, నీళ్ళలో కలిపి పట్టమని చెప్పింది. వాడి చర్మం చిటికెతో పట్టుకుని చూసి, "భయం లేదు గని, బర్రెపాలు బందువెట్టుండ్రి గురూజీ. తల్లిపాలన్న కావాలె, డబ్బాపాలన్న కావాలె" అంది. రెండూ లేవు. ఒకటి గడ్చిరోలిలో ఉంది, ఒకటి వాగు అవతల ఉంది. గొడుగు పట్టుకుని వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాను. దారిలో వాడు ఏడవలేదు. ఏడవకపోవడమే నాకు భయమైంది. ఇన్నేళ్ళలో అంత భయపడిన రోజు నాకు లేదు.

ఇది చదివి నువ్వు లేచి సంచి సర్దుకోకు. కూర్చో. ముందే చెప్పాను కదా, ఇప్పుడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడని.

ఆ మధ్యాహ్నం నేను మళ్ళీ ఊళ్ళో డబ్బా కోసం తిరగడానికి పోయాను. నేను తిరిగివచ్చేసరికి మన ఇంటి లోపలి తలుపు వేసి ఉంది. గుమ్మం ముందు తడిసిన చెప్పులు రెండు, మన ఇంటివి కావు. మీ అవ్వ సందులోంచి మొహం పెట్టి, "నువ్వు అరుగు మీద కూసో. లోపలికి రాకు" అంది. ఎందుకని అడిగితే "కూసోమన్న గదా" అంది. కూర్చున్నాను. లోపల సాగర్ సన్నగా రాగం తీస్తున్నాడు. అది తగ్గింది. తరవాత ఆగిపోయింది. తరవాత గుటకల చప్పుడు వినబడింది, ప్రశాంతీ. తలుపు ఇవతలికి కూడా వినబడింది.

అప్పుడు అర్థమైంది. బర్కత్ అలీ చిన్న కోడలు రాబియా వచ్చింది. ఆమె బిడ్డ హిబా మనవాడికంటే నెల పెద్దది. గోడ అవతల వాడి ఏడుపు విని విని, వానలో బిడ్డను ఎత్తుకుని వచ్చిందట. "అవ్వా, పోరడు గంత ఏడుస్తుంటె ఇంట్ల ఎట్ల కూసోవాలె? నా తాన ఇద్దరికి సరిపోతయి. మీరు ఏమనుకోనంటె..." అందట. మీ అవ్వ ఏమనుకోలేదు. నన్ను అడగలేదు కూడా. అడిగి ఉంటే నేను లింగక్కను అడగాలి, అల్లుణ్ణి అడగాలి, నిన్ను అడగాలి అని కాగితం తీసేవాణ్ణని ఆమెకు తెలుసు.

నేను అరుగు మీద కూర్చుని ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను. తరవాత నువ్వు గుర్తొచ్చి ఇంకొంచెం ఏడ్చాను.

ఎందుకో చెప్తాను. జులైలో నువ్వు మీ అవ్వకు విడిగా ఒక కాగితం రాశావు. ఆమెకు చదువు రాదు, నాతోనే చదివించుకుంటుందని నువ్వు ఆ తొందరలో మరిచిపోయినట్టున్నావు. క్లాసులో కూర్చుని ఉండగా పాలు వచ్చి రవిక తడిసిపోతోందనీ, పమిట కప్పుకుని బయటికి పరిగెత్తుతున్నావనీ, బాత్రూములో పిండి పారబోస్తున్నావనీ, కొన్నాళ్ళకు అవీ ఆగిపోయాయనీ రాశావు. ఒక బాపు చదవకూడనిది నేను పైకి చదివాను. చదివినంతసేపూ మీ అవ్వ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి కనుకనే, నీ బిడ్డ ఇంకొక తల్లి పాలు తాగాడని నీకు రాయడానికి నా చెయ్యి ఆడలేదు. నెల రోజులూ నీకు పొలం గురించీ మోకాళ్ళ గురించీ రాశాను.

రెండో రోజు సాయంత్రం బర్కత్ అలీ మన ఇంటికి వచ్చాడు. తడవని టోపీ పెట్టుకుని, శుభ్రమైన లాల్చీ వేసుకుని వచ్చాడు, దుకాణం మనిషిలా కాదు, సంబంధం మాట్లాడేవాడిలా. కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, "గురూజీ, జర ఒక్క మాట చెప్పాలె. పరేషాన్ గాకుండ్రి" అన్నాడు.

వాళ్ళలో ఒక పద్ధతి ఉందట. ఒక తల్లి పరాయి పసిబిడ్డకు పాలిస్తే ఆ బిడ్డ ఆమెకు బిడ్డే అవుతాడు. ఆమె పిల్లలకు తోడబుట్టినవాడు అవుతాడు. ఇక జన్మలో వాళ్ళ మధ్య పెళ్ళి మాట రాకూడదు. అందుకని రెండు ఇళ్ళలోనూ ఈ సంగతి తెలిసి ఉండాలి, దాచకూడదు. "మీ దాంట్ల, మా దాంట్ల పెండ్లి ముచ్చట ఎట్లా రాదు గని, మా పద్ధతి మేం చెప్పాలె గదా. సాగర్ గిప్పుడు మా ఇంటి పోరడు. హిబాకు అన్న గాదు, తమ్ముడు. మా పిల్ల నెల పెద్దది" అని నవ్వాడు.

నేను లెక్కల మాస్టార్ని కదా, ఊరుకుంటానా? "ఎంత తాగితే అట్ల అయితడు భాయ్? ఎన్ని పూటలు?" అని అడిగాను.

"మా పెద్దలు చెప్పింది, ఒక్క గుటకైనా అంతే గురూజీ. కొలత లేదు."

చెంచా అంచు కత్తి వీపుతో గీసేవాణ్ణి, ఆ మాటను మళ్ళీ చెప్పించుకున్నాను. తరవాత ఇంకో ప్రశ్న వేశాను. "మరి సాగర్ మీకు మనుమడైతే, హిబా నాకేమైతది?"

బర్కత్ అలీ గడ్డం నిమురుకుని నిజాయితీగా ఆలోచించాడు. "పద్ధతి చూస్తె ఏం గాదు గురూజీ. మా పాలు తాగినోడు మాకైతడు. మా పిల్ల మీకు గాదు. గది ఒక్క దిక్కే నడుస్తది."

అది నాకు నచ్చలేదు. సమీకరణం ఒక వైపే సమానమైతే అది సమీకరణం ఎలా అవుతుందని ఆయనతో చాలాసేపు వాదించాను. ఆయన వింటూ వింటూ, "మీరు బడిల చెప్పేది నాకు ఎర్క లేదు. మీకు ఎట్ల సమజైతే అట్ల రాస్కోండ్రి" అని నవ్వి లేచిపోయాడు.

జింగనూరు నుంచి నీ పెనిమిటి నరేష్ దారి తెరుచుకున్నాక వచ్చాడు. అడవిలో ఫారెస్టు గార్డు ఉద్యోగం, వరదకు అక్కడే ఇరుక్కున్నాడు. అంతా విని బిడ్డను ఎత్తుకున్నాడు. తరవాత రాబియా ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి దండం పెట్టి వచ్చాడు. "మంచిగనే అయింది మామా. ప్రశాంతికి మీరే రాయుండ్రి, నాకు గా మాటలు రావు" అన్నాడు. నాకు మాత్రం వచ్చా?

ఇప్పుడు డబ్బాలు వచ్చాయి. మూడు తెచ్చి పెట్టుకున్నాను. పగలు కొన్ని సార్లు సీసా తాగుతాడు. పొద్దునా సాయంత్రమూ మాత్రం సీసా చూస్తే మొహం తిప్పేసి గోడ వైపు చెయ్యి చాస్తాడు. రాబియా వస్తుంది. ఒంట్లో బాగుంది, లింగక్క తూకం వేసి, పోయిన నెల తగ్గింది మళ్ళీ ఎక్కిందని చెప్పింది. ఇంకొన్ని రోజులకు మెత్తగా ఉడికించిన అన్నం మొదలుపెట్టమంది.

ఇక అంకె వేయని ప్రశ్న. "బాపూ, వాడు నన్ను మరిచిపోతున్నాడా? డీఎడ్ ఆపేసి వచ్చేయనా?" అని అడిగావు.

మరిచిపోతున్నాడు, తల్లీ. నీకు అబద్ధం రాయను. ఏడుపొస్తే రాబియా గొంతు కోసం చూస్తాడు. దీపావళి సెలవులకు నువ్వు వచ్చి చేతులు చాస్తే ఆమె భుజంలో మొహం దాచుకోవచ్చు. ఒక పూట వాడు ఏడుస్తాడు, ఒక పూట నువ్వు ఏడుస్తావు. మరునాటికి నీ వేలు పట్టుకుంటాడు. అది నేను సూత్రం చూసి చెప్పడం లేదు, నిన్ను పెంచి చెప్తున్నాను. నీకు ఏడాది నిండకముందు మీ అవ్వ జ్వరంతో మీ అమ్మమ్మ ఇంట్లో నెల ఉండి వస్తే, నువ్వు కూడా ఆమెను చూసి జడుసుకుని నా భుజంలో మొహం దాచుకున్నావు. ఆమె ఇప్పటికీ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోదు. నువ్వు ఇప్పుడు ఆమెను వదిలి ఒక్క పండగ ఉండలేవు.

చదువు ఆపి రావద్దు. ఇది నా కోరిక కోసమని అనుకుంటావేమో, కొంత నాదే, దాచను. కానీ ఈ మాట నాకంటే ముందు రాబియా అంది. మొన్న వాణ్ణి భుజాన వేసుకుని మీ అవ్వతో, "అక్కను రానియ్యకుండ్రి. నేను పాలిచ్చింది ఆమె సదువు ఆగుడు కోసం గాదు. ఆమె వచ్చిన్నాడు పోరణ్ణి నా చేతులతోటి ఆమె ఒళ్ళె నేనే పెడ్త" అంది. అని, వాడి వీపు తడుతూ, "అక్కకు కోపమొస్తదా అవ్వా?" అని అడిగింది. ఆమెకు నీ గురించి భయముంది. నీ బిడ్డను నిన్ను అడగకుండా తన బిడ్డను చేసుకున్నానని. అడగడానికి నువ్వు లేవు, దారిలో పొంగిన వాగులున్నాయి, అయినా ఆమెకు భయముంది. బర్కత్ అలీ అంటాడు, తల్లికి తెలిసి, తల్లి సరేనంటేనే మాకు మనసున పడుతుందని.

కనుక ఈ ఉత్తరానికి జవాబు నాకు రాయకు. రాబియాకు రాయి. ఆమె చిన్నప్పుడు అహేరిలో బడికి పోయింది, మరాఠీ చదవగలదు. ఏం రాయాలో నేను చెప్పను. నీకు కోపముంటే కోపమే రాయి, ఆమె దానికి కూడా సిద్ధంగానే ఉంది. కానీ రాసే ముందు, ఆ వాన మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని విన్న ఆ గుటకల చప్పుడును ఒకసారి తలుచుకో.

సాగర్ లేచాడు. మీ అవ్వ పిలుస్తోంది. గోడ అవతల హిబా కూడా లేచినట్టుంది, దాని కూత వేరుగా ఉంటుంది, గుర్తుపడతాను. ఇద్దర్నీ సాయంత్రం అరుగు మీద చాప వేసి పడుకోబెడితే, ఒకరి కాలు ఒకరు పట్టుకుని నోట్లో పెట్టుకుంటారు. నాకు సమజైనట్టు రాసుకోమన్నాడు బర్కత్ భాయ్. కింద అలాగే రాస్తున్నాను, ఆయన ఒప్పుకోకపోయినా సరే.

ఇట్లు,
నీ బాపు,
సాగర్‌కూ హిబాకూ తాత,
సమ్మన్న.